హైదరాబాద్ టౌన్ హాల్: ప్రజల చందాలతో కట్టిన భవనమే నేటి పాత అసెంబ్లీ

నాంపల్లి నుంచి లక్డీకాపూల్ వైపు వెళ్తుంటే బాగ్-ఎ-ఆమ్, అంటే పబ్లిక్ గార్డెన్స్, పక్కన తెల్లగా మెరిసే గుమ్మటాల భవనాలు కనిపిస్తాయి. అందరూ వాటిని అసెంబ్లీ అనే పిలుస్తారు. కానీ వాటిలో పాతది అసెంబ్లీ కోసం కట్టింది కాదు. అది హైదరాబాద్ నగరవాసుల టౌన్ హాల్.

నలభయ్యో సాల్‌గిరా

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా ఒక టౌన్ హాల్ ఉండాలని నగర ప్రజలు అనుకున్నారు. 1905లో శంకుస్థాపన జరిగింది. ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. ఆయన పుట్టింది 1866లో కదా, 1905కి నలభై ఎలా నిండాయి? జవాబు హిజ్రీ లెక్కలో ఉంది. ఆయన పుట్టిన సంవత్సరం హిజ్రీ 1283. 1905 అంటే హిజ్రీ 1323. చాంద్రమాన సంవత్సరం దాదాపు 11 రోజులు చిన్నది కాబట్టి ఆ లెక్కలో నలభై ముందే పూర్తయ్యాయి.

ఖర్చు కోసం జనం నుంచి చందాలు పోగుచేశారు. రాజ్యంలో పెద్ద కట్టడాలు చాలావరకు దర్బారు ఖజానా నుంచి వచ్చే రోజుల్లో ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. పాలకుడి పేరు మీద కట్టినా, సొమ్ములో జనం వాటా ఉంది.

పని నడుస్తుండగానే 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచేసింది. 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ ఇంతకాల్ అయ్యారు. భవనం పూర్తయింది 1913లో, ఆయన కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో. అంటే ఎవరి సాల్‌గిరా కోసం మొదలుపెట్టారో, పూర్తయిన హాలును ఆయన చూడనే లేదు.

కట్టడం తీరు

ఈ భవనంలో రెండు సంప్రదాయాలు కలిసి కనిపిస్తాయి. ఒకటి ఇరానీ, రెండోది రాజస్థానీ. పెద్ద కమాన్లు, గుమ్మటాలు మొదటి దాని నుంచి వచ్చాయి. పైకప్పు మీద చిన్న చిన్న స్తంభాలపై నిలబడ్డ ఛత్రీలు రాజస్థాన్ కోటల్ని గుర్తుచేస్తాయి. ఇలాంటి కలగలుపును ఇండో-సారసెనిక్ శైలి అంటారు. చార్మినార్ గంభీరంగా ఉంటుంది, ఫలక్‌నుమా యూరప్ మహల్‌లా ఉంటుంది. టౌన్ హాల్ ఈ రెండింటికీ వేరుగా, తోట మధ్యలో తేలికగా కనిపిస్తుంది.

టౌన్ హాల్ నుంచి అసెంబ్లీ దాకా

1952లో మొదటి ఎన్నికల తర్వాత హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు ఈ హాలే ఇల్లయింది. అప్పటి రాష్ట్రంలో తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలు ఉండేవి. ఉర్దూ అందరినీ కలిపే జబాన్‌గా ఉండేది. ఆ సభకు నగరం నుంచి గెలిచిన మాసూమా బేగం తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి కూడా అయ్యారు. కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ మొదట శాసనసభలో, తర్వాత శాసనమండలిలో సభ్యుడిగా ఉన్నారు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కర్నూలులో ఉన్న ఆంధ్ర శాసనసభ ఇక్కడి సభతో కలిసింది. సభ్యులు పెరిగారు, హాలు ఇరుకైంది. చివరికి 1985లో పక్కనే కొత్త భవనం కట్టారు. పాతదానికి జోడుగా ఉండేలా గుమ్మటాలు, కమాన్లు పెట్టారు. అందుకే కొత్తదాన్నే నిజాం కాలం నాటిదని చాలామంది పొరబడతారు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఇదే ఆవరణలో రెండు రాష్ట్రాల చట్టసభలూ నడిచాయి. 2017లో ఆంధ్రప్రదేశ్ సభ వెలగపూడికి వెళ్లిపోయింది.

ఇప్పుడేం కావాలి

వందేళ్లు దాటిన కట్టడానికి పెద్ద శత్రువు నీళ్లు. వాన నీరు పైకప్పులో నిలిస్తే గార ఉబ్బి రాలుతుంది. పాత సున్నపు పని మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడ ఇంకా పాడవుతుంది. అందుకే మరమ్మతులు పాత పద్ధతి తెలిసిన మేస్త్రీల చేత, సున్నంతోనే చేయించాలి.

ఇంకో మాట కూడా ఉంది. ఊరి జనం కూర్చుని మాట్లాడుకోవడానికి చందాలేసి కట్టుకున్న హాలు ఇది. ఇప్పుడు బందోబస్తు వల్ల మామూలు జనం పాస్ లేకుండా లోపలికి వెళ్లలేరు. పిల్లల్ని పబ్లిక్ గార్డెన్స్‌కి, అక్కడి మ్యూజియంకి, షాహీ మసీదుకి తీసుకెళ్లినప్పుడు బయటి నుంచైనా ఈ భవనాన్ని చూపించవచ్చు. కొత్తది ఏది, పాతది ఏది, దాన్ని ఎవరి డబ్బుతో కట్టారు అన్నది చెప్పవచ్చు.