సబ్బు నడిచొచ్చిన దారి

లాటిన్‌లో అది 'సాపో'. గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) జనం కొవ్వు, బూడిద కలిపి దాన్ని చేసేవారని క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఒళ్లు రుద్దుకోవడానికి కాదు, జుట్టుకు ఎరుపు తేవడానికి!

అరబ్బీలో 'సాబూన్', హిందుస్తానీలో 'సాబున్', మన నోట 'సబ్బు'.

అది రాకముందూ తెలుగిళ్లలో శుభ్రతకు లోటు లేదు. తలకు కుంకుడు రసం, శీకాయ, ఒంటికి సున్నిపిండి, చాకిరేవులో చౌడుమట్టి. కుంకుడుకాయల్లోని సాపోనిన్లు నురగ కట్టి జిడ్డు వదలగొడతాయి. ఆ గుణాన్ని బట్టే 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఆ చెట్ల ప్రజాతిని 'సాపిండస్' అన్నాడు. అంటే ఇండియా సబ్బు.

1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మైసూరు సంస్థానం బెంగళూరులో సొంత కర్మాగారం పెట్టి గంధపు సబ్బు చేయించింది. పండగ తలంట్లకు మాత్రం పెరట్లో కుంకుళ్లు కొట్టడం ఆ తర్వాతా ఆగలేదు.