వేట మాంసం మోత: ఆదోని, ఎమ్మిగనూరు సీమ

వేటలో జంతువు పడిన చోటినుంచి పొయ్యి దాకా మాంసాన్ని చెడకుండా చేర్చే పనినే వేట మాంసం మోత అంటాం. ఉత్తర అమెరికా కొండల్లో ఈ పని చుట్టూ ఒక శాస్త్రమే పెరిగింది. అక్కడి ఎల్క్ అనే పెద్ద దుప్పిలో మగది 300 కిలోలు దాటుతుంది. ఎముకలు తీసేసినా మాంసం వంద కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. రోడ్డుకు నాలుగైదు మైళ్ళ అవతల లోయలో పడితే అక్కడే తోలు ఒలిచి, తొడలూ జబ్బలూ విడదీసి, గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేసి, వీపుకు తగిలించుకునే చట్రాలకు కట్టి మూడు నాలుగు విడతలుగా మోసుకురావాలి. అలాస్కాలో మూస్ అనే దుప్పి కొమ్ములను ఆఖరి మోతకు ముందు కదిలించకూడదన్న నిబంధన కూడా ఉంది. కొమ్ములు పట్టుకుపోయి మాంసాన్ని కుళ్ళబెట్టేవాళ్ళు ఉండబట్టే అది వచ్చింది. కర్నూలు జిల్లా పడమటి కొసన ఆదోని, ఎమ్మిగనూరు సీమలోనూ వేట ఉండేది, వేటగాళ్ళుండేవాళ్ళు, రాళ్ళ కొండలకూ కొదవ లేదు. మోత శాస్త్రం మాత్రం పుట్టలేదు. సరంజామా కొనే తాహతు లేక పుట్టలేదని తేల్చేయడం తేలిక, కానీ ఆ జవాబు నిలవదు. జంతువు బరువు, ఎండ, తినడానికి కాచుకున్న చేతుల సంఖ్య అనే మూడూ కలిసి ఇక్కడ మోతకు పని లేకుండా చేశాయి. అక్కడ వీపు సంచి చేసిన పనిని ఇక్కడ పంపకం చేసింది.

ముందు నేల సంగతి. ఆదోని కోట గ్రానైటు గుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే కొండల మీద ఉంది. బీజాపూరు సుల్తానులు, మొగలులు, హైదరాబాదు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్, టిప్పు సుల్తాను దాని కోసం పోట్లాడారు. ఉత్తరాన తుంగభద్ర పారుతుంది. కొండలు దిగితే నల్లరేగడి చేలు, ఎర్రచెలకలు, నడుమ నడుమ తుమ్మ చెట్లున్న బీళ్ళు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి కాబట్టి ఇక్కడి వేటగాళ్ళ గురించిన పాత రాతలు బళ్ళారి పేరుతోనే దొరుకుతాయి. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల సంపుటాల్లో ఈ వేటగాళ్ళైన బోయల గురించి పెద్ద వ్యాసమే ఉంది. ఊరుబోయలు, మ్యాసబోయలు అని వాళ్ళలో రెండు శాఖలున్నట్టు, పాలెగాళ్ళ సైన్యాల్లో, హైదరాలీ కొలువులో సిపాయిలుగా పనిచేసినట్టు అందులో చదవవచ్చు.

కొండలు ఎంత కరకుగా ఉన్నా ఈ సీమలో ముఖ్యమైన వేట జంతువు కొండమీద ఉండదు. కృష్ణజింక మైదానపు జీవి. శత్రువును దూరంనుంచి చూసి పరుగెత్తడమే దానికి రక్షణ, కాబట్టి గుండ్ల సందుల్లోకి రాదు. బీళ్ళలో, జొన్న చేల అంచుల్లో మందలుగా మేస్తుంది. మగది 35 నుంచి 40 కిలోలు తూగుతుంది. తల, తోలు, గిట్టలు, పేగులు పోను మిగిలేది 20 కిలోల చుట్టూ ఉంటుంది. బాగా మేసిన పొట్టేలంత, అంతే. నాలుగు కాళ్ళూ జతచేసి కట్టి కర్ర దూరిస్తే ఇద్దరు భుజాన వేసుకుని ఊరికి నడుస్తారు. రెండు ముక్కలు చేస్తే కావడికి అటొకటి ఇటొకటి వేసుకుని ఒక్కడే వస్తాడు. నీళ్ళకూ ధాన్యానికీ ఇంట్లో ఎప్పుడూ ఉండే కావడిబద్ద చాలినచోట ప్రత్యేకమైన సాధనం ఎవరు కనిపెడతారు?

బరువు ఇంత పని చేస్తుందా అనే సందేహానికి పురావస్తు శాస్త్రంలో ఒక జవాబుంది. టర్కీలోని సుబెర్దే అనే నవీన శిలాయుగపు ఊళ్ళో బయటపడిన ఎముకలను డెక్స్‌టర్ పెర్కిన్స్, పట్రీషియా డేలీ పరిశీలించి 1968లో తమ వాదన ప్రకటించారు. గొర్రెల ఎముకలు తలనుంచి గిట్టల దాకా అన్నీ ఊళ్ళోనే దొరికాయి. అడవి ఎద్దులవి మాత్రం పాదాల ఎముకలే ఎక్కువ. గొర్రెను పట్టిన చోటినుంచి మొత్తంగా మోసుకొచ్చారని, ఎద్దును పడిన చోటే కోసి, మాంసాన్ని దాని తోలులోనే వేసి, తోలుకు అంటుకున్న కాళ్ళను పట్టుకుని ఈడ్చుకొచ్చారని వాళ్ళు తేల్చారు. ఆ గొర్రెలు అడవివా పెంపుడువా అన్నదానిమీద తర్వాత వాదాలు నడిచాయి, సూత్రానికి సవరణలూ వచ్చాయి. అసలు సంగతి మాత్రం నిలిచింది: ఒక బరువు లోపు జంతువు మొత్తంగా ఇంటికొస్తుంది, దాటితే ముక్కలై వస్తుంది. కృష్ణజింక ఆ గీతకు ఇవతలిది.

గీతకు అవతలివి లేవా అని అడగవచ్చు. అడవిపంది ఉంది; ముదిరిన మగపంది వంద కిలోలకు చేరుతుంది, పైగా పగలు కొండ చరియల్లో, ముళ్ళపొదల్లో దాక్కుంటుంది. జిల్లా తూర్పున, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయిన నల్లమల అడవుల్లో 200 కిలోలు దాటే కణుజులున్నాయి. అయినా పంది చేల మీదికి దిగినప్పుడే ఎక్కువగా వలకూ ఉచ్చుకూ చిక్కుతుంది, చేను దాకా బండిబాట ఉంటుంది. నల్లమల సంగతి వేరు. బళ్ళు పోని లోయల్లో పెద్ద జంతువు పడుతుంది. అక్కడి చెంచులకు మాంసాన్ని ఊరికి తేవడం కంటే అడవిలోనే తమ వాళ్ళందరికీ పంచుకోవడం సులువు, ఎందుకంటే వాళ్ళ ఊరే అడవిలో ఉంది. రెండు నేలలూ వేరు, రెండు జంతువులూ వేరు, పద్ధతి మాత్రం ఒకటే: దూరంగా ఉన్న ఒక ఇంటికి ఎక్కువ బరువు మోయడం కాకుండా, దగ్గరి ఇళ్ళకు తలా కాస్త చేర్చడం. దీనికి కారణం మంచితనం ఒక్కటే అనుకోనక్కర్లేదు. ఎండ మరో దారి ఇవ్వలేదు.

ఎల్క్ వేట సాగే శరదృతువు రాత్రుల్లో రాకీ పర్వతాల గాలి నీళ్ళను గడ్డ కట్టించేటంత చల్లగా ఉంటుంది. తొడను చెట్టుకు వేలాడదీస్తే తెల్లారేసరికి చల్లారుతుంది, నాలుగు రోజులు ఆగినా చెడదు. ఆదోనిలో ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. జంతువు ఒంటి వేడి దాదాపు 39. గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు చల్లారడం అన్న మాటే ఉండదు. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య సూక్ష్మజీవులు విజృంభిస్తాయి, అనువైన వేడిలో ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. వాసన ముందు పైన రాదు. తొడ ఎముక కీలు దగ్గర, లోపలెక్కడో మొదలవుతుంది, ఎందుకంటే మందమైన కండ నడుమ చిక్కుకున్న వేడికి బయటికి దారి లేదు. కాబట్టి ఇక్కడ తొడను తొడగా ఉంచడమే తప్పు. మందం తగ్గించాలి. అదే తొడను వేలంత మందాన పొడుగు పట్టీలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేస్తే, ఇందాక శత్రువైన ఎండే ఇప్పుడు పనిమనిషి. కండలో ముప్పావు వంతు నీరే కాబట్టి నాలుగు కిలోలు ఎండితే కిలో, కిలోంబావు మిగులుతుంది. మొదటి రోజు పట్టీలు వేళ్ళకు జిగురుగా తగులుతాయి, ఈగలను తోలడానికి ఒక మనిషి కావాలి. రెండో రోజుకు పైన పొర కట్టి నల్లబడతాయి. మూడో రోజు వంచితే విరుగుతాయి. ఈ ఒట్టితునకలు కుండలో నెలలు నిలుస్తాయి. వానాకాలంలో నానబెట్టి గోంగూరతోనో చింతచిగురుతోనో వండితే దాని రుచి వేరు, పచ్చి మాంసానికి ఆ లోతు రాదని ఒప్పుకోవాల్సిందే.

ఎండబెట్టడం ఒక సగం, పంచడం ఇంకో సగం. ఇరవై కిలోల పచ్చి మాంసం ఒక ఇంటికి ఒక్క పూటలో తరగదు. పది ఇళ్ళకు తలా రెండు కిలోలంటే రాత్రికి కూర, మిగిలితే దండెం. ఆ పంపకం ఎలా ఉండేదో ఊహించుకోనక్కర్లేదు. పండగ మర్నాడో, ఊరి దేవరకో పది ఇళ్ళవాళ్ళు కలిసి పొట్టేలును కోసి పాళ్ళు వేసుకోవడంలో అది ఇప్పటికీ కళ్ళముందే ఉంది. వేపచెట్టు కింద పట్టా పరుస్తారు. కోసేవాడు కండ, ఎముక, కొవ్వు వేర్వేరుగా కుప్పపోసి, అందులోంచి తీసి పది పాళ్ళు పేరుస్తాడు. ప్రతి పాలులోనూ అన్నీ రావాలి: కాస్త కార్జం, ఒక నల్లిబొక్క, ఇంత బోటి, వేలెడు కొవ్వు. తక్కెడ కనబడదు. చుట్టూ కూర్చున్నవాళ్ళ కళ్ళే తక్కెడ. “ఆ పాలు బరువుగా ఉంది” అని ఎవరో అంటారు, ఒక ముక్క ఇటునుంచి అటు పోతుంది, మళ్ళీ ఇంకెవరో అంటారు. అందరూ ఊరుకున్నప్పుడు సమమైనట్టు. తలకాయ, కాళ్ళు పాళ్ళలో కలవవు, వాటి లెక్క విడిగా తేలుతుంది. ఇరవై నిమిషాల్లో పట్టా ఖాళీ, ఎవరి గిన్నె వాళ్ళ చేతిలో. రవాణా సమస్యగా చూస్తే ఇది అందమైన పరిష్కారం: ఇరవై కిలోల మోత పది రెండు కిలోల మోతలై, ఒక్కరికీ బరువు తెలియకుండా ఊరంతా చేరిపోయింది.

ఇది పల్లె జీవితాన్ని పొగడడానికి అల్లిన మాట అని ఎవరైనా అనవచ్చు. ఆ అభ్యంతరంలో నిజముంది. కోటలో నవాబుల వేటలోనూ, తర్వాతి దొరల షికారులోనూ మాంసం ఎవరో ఒకరి నెత్తిమీదే వచ్చింది. ఆ నెత్తి వెట్టివాడిది, అతనికి దక్కింది పాలు కాదు, విదిలింపు. ఊరి పంపకంలోనూ పాళ్ళు సమంగా ఉన్నా పట్టా దగ్గర కూర్చునే హక్కు అందరికీ లేదు. కులం గీత దాటి గిన్నె రాలేదు. కాబట్టి పంపకం సమానత్వానికి రుజువు కాదు. నేను చెబుతున్నది అంతకంటే చిన్న సంగతి: లోపలున్నవాళ్ళ మధ్య పంపకం మోతను రద్దు చేసింది. దొరల వేటలో పంపకం లేదు, అందుకే అక్కడ మోతగాళ్ళు కావలసివచ్చింది. అభ్యంతరంగా తెచ్చిన ఉదాహరణే వాదనను బలపరుస్తున్నది.

భాష కూడా కొంత సాక్ష్యం పలుకుతుంది. తెలుగులో వేట అంటే జంతువును వెంటాడడం. వేటమాంసం అంటే మాత్రం కోస్తా ఊళ్ళలో మేకదో పొట్టేలుదో. రాయలసీమ, తెలంగాణ నోళ్ళలో కోతకు తెచ్చిన గొర్రె “యాట”. ఒక్క మాటతో చరిత్ర కట్టేయకూడదన్నది నిజమే, మాటలు రకరకాల దారుల్లో జారతాయి. అయినా జింకంత బరువున్న గొర్రె, జింక తిరిగిన బీళ్ళలోనే మేసే గొర్రె, జింకలాగే పాళ్ళుగా పంచుకునే గొర్రె ఆ పేరు తెచ్చుకోవడం వింతేమీ కాదు. మోత దృష్టితో గొర్రెకు ఒక పెద్ద సౌకర్యం కూడా ఉంది. గొర్రెలు కాసే కురువల మందలో అది తన కాళ్ళమీద తానే ఊరి దాకా నడిచి వస్తుంది. ఆ మాటకొస్తే ఇక్కడి నేలమీద దొరికే మాంసపు లెక్కల్లో బహుశా అన్నిటికంటే పాతది కూడా జింకతోనే ఉంది. గుత్తి, పత్తికొండల నడుమ ఎర్రగుడి బండలమీద అశోకుడి పద్నాలుగు ప్రధాన శాసనాలున్నాయి. మొదటి దానిలో, ఇదివరకు రాజు వంటశాలకు లక్షల ప్రాణులు చచ్చేవని, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమేనని, ఆ జింకా రోజూ కాదని చెప్పించాడు. అది పాటలీపుత్రపు వంటశాల సంగతే తప్ప ఇక్కడి వేట కథ కాదు. అయినా వంటింటి లెక్కకు జింక ఒక కొలత అయిందన్నది గమనించదగ్గది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఈ కథ మారిపోయింది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. చంపితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. అదే జంతువు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. ఆదోని, ఆలూరు వైపు రైతులకు మాత్రం అది పత్తి, వేరుసెనగ, కంది మొలకలను మందలుగా మేసిపోయే బెడద. పంట నష్టానికి పరిహారం చాలదని వాళ్ళు వాపోవడంలో అన్యాయం లేదు. కనీసం చచ్చిన జంతువు మాంసమైనా మాకు దక్కకూడదా అనే ప్రశ్నకు చట్టం 39వ సెక్షన్‌లోనే జవాబిచ్చింది: వేటాడినదైనా, చచ్చి దొరికినదైనా అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి, దాని మాంసమూ అంతే. పాలు వేసే పట్టా అక్కడితో చుట్టేసినట్టే. ఇప్పుడు దొంగచాటుగా మోటారు సైకిలు మీద గోనెసంచిలో వచ్చే మాంసం ముక్కలై ఉంటుంది, తోలూ కొమ్ములూ ఉండవు, పొట్టేలు మాంసమని చెప్పి తప్పించుకోవడానికి ఆ జింకంత బరువే అక్కరకొస్తుంది. అందుకే పట్టుబడినప్పుడు దానిలోంచి చిన్న ముక్క కోసి, ఆల్కహాలు పోసిన సీసాలో పెట్టి సీలు వేస్తారు. హైదరాబాదులో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల దాని డీఎన్ఏ చదివి అది జింకో గొర్రో చెబుతుంది.