డిమెన్షియా సంరక్షణలో ఆశునాటకం

ఆశునాటకమంటే ముందే రాసుకున్న సంభాషణలు లేకుండా అప్పటికప్పుడు నటించడం. దాని సూత్రాలను డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే స్థితి) ఉన్నవారిని చూసుకునే కుటుంబ సభ్యులకు నేర్పే శిక్షణ పద్ధతి ఇది.

ఆధునిక ఆశునాటకానికి పునాది షికాగోలో పడింది. వయొలా స్పోలిన్ (1906–1994) రూపొందించిన రంగస్థల ఆటలు 1963లో ‘ఇంప్రొవైజేషన్ ఫర్ ద థియేటర్’ పుస్తకంగా వెలువడ్డాయి. ఆమె కుమారుడు పాల్ సిల్స్ 1959లో మొదలైన ‘సెకండ్ సిటీ’ ఆశునాటక బృందం స్థాపకుల్లో ఒకరు. ఈ కళను సంరక్షణకు అన్వయించినవారిలో అమెరికన్ నటి కేరెన్ స్టోబ్, ఆమె భర్త మాండీ కార్టర్ ముఖ్యులు. డిమెన్షియాకు దారితీసే అల్జీమర్స్ బారిన పడిన తల్లిని చూసుకున్న అనుభవం స్టోబ్‌కు ఉంది.

ఎదుటి నటుడు చెప్పినదాన్ని కాదనకుండా స్వీకరించి, దానికి కొంత జోడించాలన్న ‘అవును, ఇంకా’ సూత్రం ఇందులో కీలకం. ఎప్పుడో మరణించిన తల్లి ఏదని వృద్ధురాలు అడిగితే, ఆ మరణాన్ని గుర్తుచేయడం ఆమెకు కొత్త దుఃఖం. కాసేపటికి ఆ మాట మరిచిపోయినా బాధ మిగలవచ్చు. అందుకే ప్రశ్న వెనకున్న బెంగను గుర్తించి, తల్లి వంట గురించో ఊరి గురించో మాట కలుపుతారు. ఇలా ఆమె ఊహాలోకంలోకి అడుగుపెట్టడం అబద్ధమాడటమేనా అన్న నైతిక చర్చ కూడా ఉంది. చూపు, స్వరం, స్పర్శలపై సాధన మరో భాగం.

ఈ పద్ధతి వ్యాధిని నయం చేయదు; వాదులాటను, సంరక్షకుల ఒత్తిడిని తగ్గించడమే దీని లక్ష్యం.