స్ట్రక్చరల్ ఫ్యామిలీ థెరపీ

పిల్లవాడి మొండితనాన్నో, తిండి మానేయడాన్నో అతనొక్కడి సమస్యగా చూడకుండా, ఇంట్లోవాళ్లు ఒకరితో ఒకరు మెలిగే తీరును మార్చి నయం చేయాలని చూసే మానసిక చికిత్స ఇది. తెలుగులో నిర్మాణాత్మక కుటుంబ చికిత్స అనవచ్చు. అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనోవైద్యుడు సాల్వడోర్ మినూచిన్ (1921–2017) దీనికి రూపమిచ్చారు.

1960ల మొదట్లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని దారితప్పిన బాలుర కోసం నడిచే విల్ట్విక్ వసతి బడిలో పనిచేశారు. అక్కడివాళ్లు ఎక్కువగా పేద నల్లజాతి, ప్యూర్టోరికన్ కుటుంబాల పిల్లలు. బడిలో కుదుటపడిన పిల్లవాడు ఇంటికెళ్లగానే మళ్లీ మొదటికొచ్చేవాడు. దాంతో మినూచిన్ బృందం కుటుంబాలనే పిలిపించి, ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక నుంచి గమనిస్తూ చికిత్స చేసింది. 1965లో ఆయన ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్ సారథ్యం చేపట్టారు. పద్ధతిని పూర్తిగా వివరించిన పుస్తకం 1974లో వచ్చింది.

ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు ఎవరి పక్షం, గొడవొస్తే ఎవరు తప్పుకుంటారు: ప్రతి ఇంట్లోనూ ఎవరూ రాయని ఇలాంటి నియమాలుంటాయి. మినూచిన్ నిర్మాణం అన్నది వీటినే. అందులో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు అనే ఉపవ్యవస్థలు, వాటి మధ్య సరిహద్దులు ఉంటాయి. సరిహద్దు మరీ బిగుసుకుపోతే ఒకరి కష్టం ఇంకొకరికి తెలియదు. మరీ చెరిగిపోతే ఒకరి మాటకు, ఊపిరికి ఇంకొకరు అడ్డుపడుతుంటారు. తమ తగవు తేల్చుకోలేని దంపతులు బిడ్డను మధ్యలోకి లాగడం, లేదా ఇద్దరూ కలిసి బిడ్డ జబ్బు మీదికే దృష్టి మళ్లించడం ఆయన పదేపదే చూశారు. మన ఉమ్మడి కుటుంబాల విషయంలో గుర్తుంచుకోవలసిన మాట ఒకటి ఆయనే చెప్పారు: పిల్లల బాధ్యత అమ్మమ్మ చూసినా, పెద్దక్క చూసినా దోషం లేదు, ఎవరి బాధ్యత ఎంతవరకో స్పష్టంగా ఉండాలి.

చికిత్సకుడు ముందు ఆ ఇంటి భాషలో, ఆ ఇంటి మర్యాదతో వాళ్లలో కలుస్తాడు. ఇదే జాయినింగ్, ఇది కుదరకపోతే మిగతావేవీ పనిచేయవు. ఎవరెవరి మధ్య ఎలాంటి గీత ఉందో కాగితం మీద పటంగా వేసుకుంటాడు.

ఈ పద్ధతికి ప్రాణం ఎనాక్ట్‌మెంట్. కొడుకు మాట వినడని తండ్రి ఫిర్యాదు చేస్తే, చికిత్సకుడు “ఆ మాట నాతో కాదు, అబ్బాయితోనే చెప్పండి” అంటాడు. రెండు నిమిషాల్లో తల్లి కల్పించుకుంటుంది, తండ్రి ముఖం తిప్పుకుంటాడు. ఇంట్లో రోజూ జరిగేది గదిలోనే బయటపడుతుంది. అప్పుడు తల్లి కుర్చీ కాస్త పక్కకు జరిపి, తండ్రీకొడుకుల మాట ముగిసేదాకా ఆగమంటాడు. అనొరెక్సియాతో తిండి మానేసిన అమ్మాయిల కుటుంబాలతో మినూచిన్ చికిత్సాగదిలోనే భోజనానికి కూర్చునేవారు. తినమని అమ్మానాన్నలు చెరోవైపు లాగే తీరు కళ్లముందుకొచ్చేది. ఇద్దరూ ఒక్కమాట మీద నిలిచేలా చేయడం అక్కడి పని. కొన్నిసార్లు చికిత్సకుడు కావాలనే ఒకరి పక్షం వహించి పాత తూకాన్ని చెడగొడతాడు. దీన్ని అన్‌బ్యాలెన్సింగ్ అంటారు.

మధుమేహం తరచూ అదుపు తప్పే పిల్లల మీద ఈ బృందం చేసిన పరిశోధనలో, తల్లిదండ్రుల గొడవ సమయంలో పిల్లల రక్తంలో ఒత్తిడికి సూచన అయిన స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరగడం కనిపించింది. ఆసక్తికరమైన ఫలితమే. అయితే పరిశీలించిన కుటుంబాలు కొద్ది. జబ్బుకు కుటుంబమే కారణమని దీన్నిబట్టి చెప్పడం అన్యాయం.

స్త్రీవాదులు 1980లలో మరింత పదునైన విమర్శ చేశారు. అతిగా కల్పించుకునే తల్లినే తప్పుపట్టి, ఆ భారమంతా ఆమె మీదే పడటానికి దారితీసిన ఆడామగా అసమానతను ఈ పద్ధతి వదిలేసిందన్నారు. ఆ విమర్శ సబబే. హింస ఉన్న ఇంట్లో, భయపడుతున్న మనిషిని ఆ భయానికి కారణమైనవాడి ఎదుట మాట్లాడించడం ప్రమాదం కూడా.

మయామీలో క్యూబా వలస కుటుంబాల యువత కోసం హొసే సాపోజ్నిక్ బృందం మినూచిన్ పద్ధతిని స్ట్రాటజిక్ అనే మరో కుటుంబ చికిత్సా పద్ధతితో కలిపి, పరిమితమైన సెషన్లలో ముగిసే చికిత్సగా మలిచింది. కౌమారుల మాదకద్రవ్యాల వాడకానికి అది నేటికీ వాడుకలో ఉంది.