ఇంటిపని: ఒక మాట, రెండు చరిత్రలు

హోంవర్కును మన బడుల్లో ‘ఇంటిపని’ అంటున్నాం. తెలుగు ఇళ్ళలో ఆ మాటకు అంతకన్నా పాత అర్థం ఉంది. అంట్లు తోమడం, నీళ్ళు మోయడం, చంటివాణ్ణి ఎత్తుకోవడం, ఇవన్నీ ఇంటిపనే. ఒకే పేరుగల ఈ రెండు పనుల మధ్య ఉన్న వైరుధ్యాన్ని మనం తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

1822లో మద్రాసు గవర్నరు మన్రో, దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు. బళ్ళారి కలెక్టరు కేంబెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. సాహిత్య విద్యార్థులకు ఈయన కొత్తవాడు కాదు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడే. ఆయన లెక్కలో జిల్లాకు 533 బడులు, వాటిలో తెలుగువి 226. జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. చదివే పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలు అరవై మంది!

ఆ వీధిబడికి పిల్లలు ఉదయం ఆరింటికే చేరాలి. ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. తర్వాత వచ్చినవాళ్ళకు వరసన బెత్తం దెబ్బలు పెరుగుతాయి. మధ్యలో తిండికి ఇంటికెళ్ళి రావడమే తప్ప, పొద్దుగూకేదాకా బడే. ఇసుకలో వేలితో దిద్దడం, గుంపుగా ఎక్కాలు వల్లెవేయడం పంతులు కళ్ళెదుటే జరిగేవి. ఈ బడిని పొగడడం నా ఉద్దేశం కాదు. బెత్తమూ కులమూ దాన్ని ఏలాయి. కానీ వల్లెవేయించే బరువును చాలామేరకు అదే మోసింది.

కేంబెల్ ఇంకో సంగతి రాశాడు. దేశం పేదదైపోతోందనీ, ఐరోపా బట్టలు వచ్చి నేతగాళ్ళ బతుకు చితికిందనీ, లేత చేతులు కాస్త పనికి రాగానే పిల్లలు ఇంటికి అవసరమవుతున్నారనీ. కంపెనీ కలెక్టరు రాసిన మాటలివి! బడిని ఖాళీ చేసింది పాత అర్థంలోని ఇంటిపనే.

తర్వాత గంట కొట్టే బడి వచ్చింది. ఇన్‌స్పెక్టరు, పరీక్ష, ఫలితాన్ని బట్టి గ్రాంటు వచ్చాయి. వేళ కుదించుకున్న బడి మిగిలిన వల్లెవేతను ఇంటికి తోసిందని నేననుకుంటాను. దీపం, తీరిక, చదువొచ్చిన పెద్దలు ఉన్న ఇల్లే దాని లెక్కలో ఇల్లు. ఇవేవీ లేని పిల్ల మర్నాడు నిలబడి తినే దెబ్బ ఆమె తెలివికి కాదు, ఆమె ఇంటికి.

అమెరికాలో హారిస్ కూపర్ బృందం 2006లో పరిశోధనలను సమీక్షించి, హోంవర్కుకూ చదువులో రాణింపుకూ ఉన్న సంబంధం పై తరగతుల్లో కన్నా చిన్న తరగతుల్లో బలహీనమని తేల్చింది. అంతకుముందే, 1993లో, యశ్‌పాల్ కమిటీ ప్రాథమిక తరగతులకు మామూలు హోంవర్కు వద్దంది. 2020 నాటి కేంద్ర విధానం రెండో తరగతి దాకా అసలే వద్దని, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించరాదని చెప్పింది. ప్రైవేటు బడుల డైరీలు చూసినవారికి ఈ అంకెలు నవ్వు తెప్పిస్తాయి.

అయితే ఆ పత్రంలో ఒక మంచి సూచన ఉంది. సాయంత్రం ఇంట్లో ఎలా గడిచిందో, ఏం ఆడారో, ఏం తిన్నారో చిన్నపిల్లల చేత తరగతిలో చెప్పించమంటుంది. అలా అడిగితే, చెల్లెల్ని ఎత్తుకుని పొయ్యి దగ్గర కూర్చున్న పిల్ల కూడా జవాబు చెప్పగలదు. ఆ జవాబు వినడానికి పంతులమ్మకు తీరిక ఉండాలి. అరవై మంది ఉన్న గదిలో అది దొరకదు.