ఖజానాకు వకీలు: అమెరికా ట్రెజరీ న్యాయ విభాగం పూర్వాపరాలు

అమెరికా ట్రెజరీ శాఖకు సొంత న్యాయ విభాగం ఏర్పడింది మొండిబాకీల వల్ల. 1789లో శాఖను నెలకొల్పిన చట్టం, సొమ్ము జమకట్టని రెవెన్యూ అధికారులపైన, ప్రభుత్వానికి బాకీపడ్డవారిపైన దావాలు వేయించే పనిని కంప్ట్రోలర్‌కు అప్పగించింది. లెక్కలు తేల్చే అధికారే వ్యాజ్యాలూ చూసుకోవాలి. ఆ రోజుల్లో ప్రభుత్వ రాబడిలో సింహభాగం రేవుల్లో వసూలయ్యే కస్టమ్స్ సుంకాలే. దిగుమతిదారులు సుంకాన్ని అప్పటికప్పుడు కట్టనక్కర్లేదు. బాండు రాసిచ్చి గడువు తీసుకోవచ్చు. 1812లో మొదలైన యుద్ధం, ఆ తర్వాత 1819 ఆర్థిక సంక్షోభం ముగ్గురు నలుగురు గుమస్తాలతో తెమలని బాకీలను మిగిల్చాయి.

1820 మే 15న చేసిన చట్టం ఈ దావాల పర్యవేక్షణను ట్రెజరీ ఏజెంటు అనే అధికారికి మార్చింది. ఆ పని శాఖలోని ఐదో ఆడిటర్ స్టీఫెన్ ప్లెజంటన్ మీద పడింది. 1814లో బ్రిటిష్ సేనలు వాషింగ్టన్‌కు నిప్పుపెట్టే ముందు స్వాతంత్ర్య ప్రకటన పత్రాన్ని నారబట్ట సంచుల్లో కట్టించి ఊరు దాటించిన వ్యక్తి ఈయనే. అయితే దేశంలోని లైట్‌హౌస్‌ల నిర్వహణ కూడా ఆయన కిందే ఉండేది. దీపాల నూనె ఖర్చు లెక్కలు చూస్తూ, దేశమంతటా జిల్లా అటార్నీలు నడిపే ఖజానా కేసులకు ఆదేశాలివ్వడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు.

ఈ దావాలను అటార్నీ జనరల్‌కు అప్పగించాలని అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ 1829 వార్షిక సందేశంలో కాంగ్రెస్‌ను కోరాడు. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. దానికి బదులు 1830 మే 29న ట్రెజరీలోనే సొలిసిటర్ పదవిని సృష్టించింది. మేరీలాండ్ న్యాయవాది వర్జిల్ మాక్సీ తొలి సొలిసిటర్ అయ్యాడు. ఆయన ముఖ్యమైన పని కోర్టులో వాదించడం కాదు, ఎక్కడో దూరాన ఉన్న అటార్నీల చేత సరిగ్గా వాదింపజేయడం. జిల్లా అటార్నీలు, మార్షళ్లు, కోర్టు గుమస్తాలు ఖజానా కేసులు ఎంతవరకు వచ్చాయో ఆయనకు నివేదికలు పంపాలి. న్యాయపరమైన చిక్కు వస్తే సలహాకు అటార్నీ జనరల్ ఉండనే ఉన్నాడు.

సొలిసిటర్ చేతిలోని అసలు ఆయుధం డిస్ట్రెస్ వారెంట్. అధికారి దగ్గర ఇంత బాకీ ఉందని ఆడిటర్లు తేలిస్తే చాలు. కోర్టు డిక్రీ లేకుండానే అతని ఆస్తిని జప్తు చేయమని మార్షల్‌ను ఆదేశించవచ్చు. 1820 చట్టం నుంచి సంక్రమించిన ఈ అధికారానికి పెద్ద పరీక్ష న్యూయార్క్ రేవు కలెక్టర్ శామ్యూల్ స్వార్ట్‌వౌట్ రూపంలో వచ్చింది. జాక్సన్ నియమించిన ఇతను 1838లో పదవి దిగి యూరప్ వెళ్లిపోయాడు. ఖాతాలు తిరగేస్తే 13 లక్షల 74 వేల డాలర్లకు పైగా లోటు తేలింది. అప్పటి సొలిసిటర్ హెన్రీ గిల్పిన్. సొలిసిటర్ కార్యాలయం వారెంట్ జారీ చేయగా, మార్షల్ న్యూజెర్సీలోని స్వార్ట్‌వౌట్ భూములను జప్తు చేసి అమ్మేశాడు.

అవే భూములను అతని ప్రైవేటు రుణదాత కోర్టు డిక్రీ కింద వేలం వేయించాడు. ఒకే నేలకు ఇద్దరు హక్కుదారులయ్యారు. న్యాయమూర్తి లేని జప్తు చెల్లుతుందా అన్న ప్రశ్న అలా సుప్రీంకోర్టుకు చేరింది. మరీస్ లెస్సీ వర్సెస్ హోబోకెన్ కంపెనీ కేసులో 1856లో జస్టిస్ బెంజమిన్ కర్టిస్ తీర్పు రాశాడు. రాజు సొమ్ము వాడుకున్న వసూలుదారుల ఆస్తిని ఇలా నేరుగా స్వాధీనం చేసుకునే పద్ధతి ఇంగ్లండులో ఎంతోకాలంగా ఉందని, అమెరికా రాష్ట్రాలూ దాన్ని అనుసరించాయని చూపి, వారెంట్‌ను సమర్థించాడు. పూచీకత్తు ఇచ్చి జిల్లా జడ్జి ముందు బాకీని ప్రశ్నించే వీలు ఆ చట్టంలోనే ఉంది. ఆ ఒక్క వెసులుబాటే లేకపోతే, ఇంత అధికారాన్ని ఒక కార్యాలయం చేతిలో పెట్టడాన్ని సమర్థించడం కష్టం. చట్టబద్ధ ప్రక్రియ అనే రాజ్యాంగ హామీకి సుప్రీంకోర్టు విపులంగా అర్థం చెప్పిన తొలి తీర్పుగా దీనికి పేరుంది.

అంతర్యుద్ధం ఈ కార్యాలయానికి కొత్త పనులు తెచ్చింది. 1862లో కాగితపు డాలర్లు వచ్చాయి, వాటి వెంటే దొంగనోట్లు. సొలిసిటర్ ఎడ్వర్డ్ జోర్డాన్ హయాంలో, 1865 జులై 5న పుట్టిన సీక్రెట్ సర్వీస్ మొదట్లో ఆయన పర్యవేక్షణలోనే దొంగనోట్ల ముఠాలను వేటాడింది. యుద్ధకాలపు అంతర్గత పన్నుల వివాదాలు పెరగడంతో 1866లో ఇంటర్నల్ రెవెన్యూకు వేరే సొలిసిటర్ వచ్చాడు.

1870లో న్యాయశాఖ ఏర్పడినప్పుడు జాక్సన్ కోరిక కాగితం మీద నెరవేరింది. ప్రభుత్వ వకీళ్లందరూ ఒకే గొడుగు కిందికి రావాలన్నది ఆ చట్టం ఉద్దేశం. ఇద్దరు సొలిసిటర్లూ న్యాయశాఖ అధికారులయ్యారు గానీ, పని మాత్రం ట్రెజరీలోనే చేస్తూ వచ్చారు. ఖాతాల పుస్తకాలు, వాటి మర్మం తెలిసిన గుమస్తాలు అక్కడే ఉన్నప్పుడు వకీలు మరోచోట కూర్చుని సాధించేది తక్కువ.

1934 మే 10 నాటి రెవెన్యూ చట్టం ట్రెజరీకి జనరల్ కౌన్సిల్ పదవిని ఏర్పాటు చేసి, పాత సొలిసిటర్ పదవికి స్వస్తి చెప్పింది. న్యాయశాస్త్ర ఆచార్యుడు హెర్మన్ ఒలిఫాంట్ తొలి జనరల్ కౌన్సిల్‌గా 1939లో మరణించేవరకు పనిచేశాడు. ఆయన బాకీల వసూలుకు పరిమితం కాలేదు. కంపెనీలు వాటాదార్లకు పంచని లాభాలపై 1936లో వేసిన పన్నుకు గట్టిగా పట్టుబట్టినవారిలో ఆయన ఒకడు. దావాల గుమస్తాగిరీగా మొదలైన పదవి అప్పటికి విధాన రచన దాకా ఎదిగింది.

ఇంటర్నల్ రెవెన్యూ సొలిసిటర్ స్థానంలో తర్వాత వచ్చిన పన్నుల శాఖ చీఫ్ కౌన్సిల్ ఎవరి మాట వినాలన్న ప్రశ్నకు 1998 సంస్కరణ చట్టం జవాబిచ్చింది. పన్ను విధానానికి మాత్రమే సంబంధించిన సలహా విషయంలో ఆ అధికారి ట్రెజరీ జనరల్ కౌన్సిల్‌కు జవాబుదారీ. పన్ను చట్టాల అన్వయం, పన్ను వ్యాజ్యాల విషయంలో జనరల్ కౌన్సిల్‌కూ, పన్నుల కమిషనర్‌కూ ఇద్దరికీ జవాబు చెప్పాలి.