తెలుగువారి సుగంధచరిత్రలో నిమ్మతైలము

నిమ్మ తెలుగువారికి పరిచయ మక్కరలేని చెట్టు. ఊరగాయ జాడీలోను, గ్రామదేవత మెడలోని దండలోను, క్రొత్తబండి చక్రము క్రిందను, మిరపకాయలతో గ్రుచ్చి గుమ్మమునకు కట్టిన దారమునను నిమ్మపండు కనుపించును. నల్లగొండ జిల్లా బత్తాయి, నిమ్మ తోటలకు పేరుపడినది. మిర్యాలగూడకు సమీపమున నున్న త్రిపురారము ప్రాంతము నాగార్జునసాగరము ఎడమకాలువకు 1967లో నీరు వదలిన పిమ్మట వరిపొలములతో నిండినను, ఆ పరిసరములవారికి నిమ్మ తొక్కను గోటితో గిల్లినప్పుడు లేచు పరిమళము క్రొత్తది కాదు. ఆ పరిమళమునకు మూలమైన తైలమే పాశ్చాత్య సుగంధ పరిశ్రమకు ముఖ్యద్రవ్యములలో నొకటి. అట్టి తైలము మన సుగంధద్రవ్యముల పట్టికలలో ఏల చేరలేదు? ఈ ప్రశ్నను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట పేరు విషయమున జాగరూకులము కావలసియున్నది. సంస్కృత వైద్యగ్రంథములలో 'నింబతైలము' అను మాట కనుపించినంతనే అది నిమ్మనూనె యని భ్రమపడుట కవకాశము కలదు. నింబ మనగా వేప. అమరకోశమును ఆ పదమును వేపచెట్టు పర్యాయములలోనే చేర్చినది. నిమ్మకు సంస్కృతమున నింబూక మనియు, ఆ జాతిలోని ఇతర ఫలములకు జంభీరము, మాతులుంగము, బీజపూరము అనియు పేర్లు గలవు. ఒక్క అక్షరభేదమును గమనింపకున్నచో చేదునూనె కాస్తా పరిమళద్రవ్యమై చరిత్ర తలక్రిందులగును. రెండవ చిక్కు మరియొకటి కలదు. మన నిమ్మ చిన్నదై, గుండ్రనై, పలుచని తొక్క గలది. ఆంగ్లేయులు దీనిని లైమ్ అందురు. సుగంధ పరిశ్రమలో ప్రసిద్ధికెక్కిన లెమను కోలగా, దళసరి తొక్కతో నుండు వేఱొక జాతి. రెంటిని నిమ్మ యనియే అనువదించుట వ్యవహారమున చెల్లునుగాని శాస్త్రమున చెల్లదు. అయినను పేర్లకు బంధుత్వము లేకపోలేదు. నింబూక శబ్దమునకును, పారసీక అరబ్బీ భాషలగుండా ఐరోపాకు చేరిన లెమను శబ్దమునకును సంబంధ మున్నదని భాషావేత్తల అభిప్రాయము.

ఇక సాక్ష్యములను చూతము. వాత్స్యాయనుని కామసూత్రములలో నాగరకుని పడకగదిని వర్ణించు ఘట్టమున, శయ్యాసమీపమున నుంచవలసిన లేపనము, పూలమాల, సుగంధపు పొట్లము, తాంబూలముల నడుమ మాతులుంగపు తొక్కయు పేర్కొనబడినది. మాతులుంగ మనగా మాదీఫలము. నిమ్మజాతి ఫలపు తొక్కలో పరిమళ మున్నదని ప్రాచీను లెఱుగుదురనుట కిది చాలును. కాని వారు దానిని తొక్కగానే వాడిరి. తైలముగా తీసినట్లు అచట చెప్పబడలేదు.

కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము, క్రీ.శ. 1244 ప్రాంతమునాటిది, ఓడవర్తకులు చెల్లింపవలసిన సుంకములను వివరించుచున్నది. చందనము, కర్పూరము, పన్నీరు, జవాది, కర్పూరతైలము అందు కలవు. తైలరూపమున నున్న పరిమళద్రవ్యము సముద్రముమీద వచ్చుచుండె ననుట కిది నిదర్శనము. నిమ్మజాతి తైలము మాత్ర మందు లేదు. పదునాఱవ శతాబ్దికి వత్తుము. మనుచరిత్రమున హిమాలయముపై దారి తప్పిన ప్రవరునకు జనమున్న జాడ తెలిపినది కస్తూరీ కర్పూరములతో గూడిన తాంబూలపు వాసన. ఆ గంధము తక్కిన వాసనల నన్నిటిని కప్పివైచె నని కవి చెప్పినాడు. కప్పివైచుట యను నీ గుణమే ఆనాటి అభిరుచికి గీటురాయి. నిలుచునది, వ్యాపించునది, తక్కిన వానిని జయించునది మేలైన పరిమళము.

అయితే, శాసనములును కావ్యములును మౌనముగా నున్నవి గనుక వస్తువే లేదనుట తర్కము కాదు. మౌనమునకు తగిన కారణము చూపగలిగిననే వాదము నిలుచును. అట్టి కారణములు మూడు కానవచ్చుచున్నవి.

మొదటిది తైలమును తీయు విధానము. నిమ్మతైలము తొక్క పైపొరలోని సన్నని తిత్తులలో నుండును. అందలి యధికభాగము లిమొనీను అను ద్రవ్యము. నిమ్మవాసనకు ప్రాణమైన సిట్రాలు కొలదిపాలే. పులుపురసముతో కలిపి కాచినచో ఆ సిట్రాలు చెడి వాసన మాఱిపోవును. మనదేశపు అత్తరుల పద్ధతి దేగులో పూలను నీటితో కాచి ఆవిరిని భబకాలో పట్టుట. గులాబికి, మొగలికి తగిన ఆ పద్ధతి నిమ్మకు తగదు. సిసిలీ ద్వీపమున తొక్కను నిప్పు తగులనీయక స్పంజిపై నొత్తి, స్పంజి పీల్చిన తైలమును పిండెడివారు.

రెండవది ఆధారద్రవ్యము. మన అత్తరునకు ఆధారము చందనతైలము, తలనూనెకు నువ్వులనూనె. అవి బరువైనవి, గంధమును పట్టియుంచునవి. నిమ్మతైలపు సొగసు క్షణములో నెగయుటలో నున్నది. దానికి తగిన వాహనము మద్యసారము. 1709లో కొలోను నగరమున స్థిరపడిన ఫారీనా వంశీయుల పరిమళజలము నిమ్మజాతి తైలములను మద్యసారమున కలిపియే లోకప్రసిద్ధి గాంచినది.

మూడవది అభిరుచి. నిమ్మవాసన మొదట పలుకరించి వెంటనే సెలవు తీసికొనును. కస్తూరి నెఱిగిన సభలో అట్టి యతిథికి పీట వేయువారు తక్కువ. ఈ మూటిలో మూడవది మొదటి రెంటి ఫలితమే కావచ్చునని మా యూహ. నిలుపు నుపాయము తెలియని వాసనను నిలువదని తక్కువచేయుట లోకసహజము.

మనదేశపు నిమ్మవాసన పాశ్చాత్య పరిశ్రమకు చేరినది నిమ్మపండునుండి కాదు, నిమ్మగడ్డినుండి. కొచ్చిను రేవునుండి ఎగుమతియైన ఆ గడ్డినూనెలో సిట్రాలు మిక్కిలి హెచ్చు. 1893లో టీమను, క్రూగరు అను జర్మను శాస్త్రజ్ఞులు సిట్రాలునుండి వయొలెటు పువ్వు వాసనగల అయొనోనును తయారుచేసిరి. సుగంధ పరిశ్రమ స్వరూపమును మార్చిన ఆవిష్కరణలలో అది యొకటి. గడ్డికి దక్కిన చరిత్ర మన పండునకు దక్కలేదు.

కావున మా నిర్ణయ మిది: తెలుగుదేశమున నిమ్మపరిమళము ఎఱుకలో నుండినది, తైలముగా వాణిజ్యమున నుండినట్లు పైసాక్ష్యముల వలన తేలదు. పండులేమి దీనికి కారణము కాదు. పనితనము వేఱుదారిని నడచుటయే కారణము. పరిశోధక విద్యార్థులు వైద్య, పాక, గంధశాస్త్ర గ్రంథములను చదువునప్పుడు నింబ, నింబూక, జంభీర, మాతులుంగములను ఒకేపేరున కలిపివేయక, తొక్క, రసము, ఆకు, పువ్వు, తైలము అను ప్రయోగములను వేఱువేఱుగా గుర్తింపవలెను. ఒక్క తాళపత్రమున నిమ్మతొక్కను పిండి నూనె తీయు విధానము దొరకినను మా నిర్ణయమును మేమే ముందుగా మార్చుకొందుము. అంతవరకు, రసము పిండి తొక్కను పాఱవైచు నలవాటు వెనుక ఇంత చరిత్ర యున్నదని గుర్తించుట మేలు.